అరికాలి మచ్చ

పెళ్ళయి నోయిడా వచ్చిన కొత్తల్లో నాకు ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. తలుపు మీద మా ఇద్దరి పేర్లూ ఉన్న పలక బిగించాక, పాలప్యాకెట్ వచ్చిందేమో చూసే వంకతో రోజూ పొద్దున్నే తలుపు తీసి దాన్ని చూసుకునేదాన్ని. కింద సెక్యూరిటీ గార్డు "భాభీజీ" అని పిలిస్తే అది నన్నే అని తెలియడానికి కాస్త టైము పట్టేది. ఇంట్లో మా ఆయన సుధీంద్రని "నువ్వు" అనేదాన్ని. వైజాగ్ నుంచి అత్తయ్యగారు వీడియో కాల్ చేయగానే "మీరు"లోకి మారాలి. మాటల మధ్యలో ఎక్కడో ఒక "నువ్వు" జారిపోయేది. ఆవిడ విననట్టే ఊరుకునేవారు. ఫోన్ పెట్టేశాక సుధీంద్ర సోఫాలో పడి నవ్వేవాడు.

నా ఉద్యోగం సాకేత్‌లో. చర్మం మీద కనపడే జబ్బుల్ని ఫొటోల సాయంతో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ. డాక్టరు మచ్చనో దద్దురునో ఫొటో తీసి, అది ఒంటి మీద ఎక్కడుంది, ఎప్పుడు వచ్చింది, దురద ఉందా లాంటి వివరాలు నింపితే, అది ఏయే జబ్బు అయ్యే అవకాశం ఉందో వరసగా చూపిస్తుంది. ఒక్కో జబ్బు పక్కన అలాంటి వేరే రోగుల ఫొటోలు వస్తాయి. ఎదురుగా కూర్చున్న మనిషి చర్మాన్నీ ఆ ఫొటోల్నీ డాక్టరు పోల్చి చూసుకుంటాడు. నేను నోయిడాలో, గ్రేటర్ నోయిడాలో చిన్న చిన్న క్లినిక్కులకి వెళ్ళి డాక్టర్లకి దీన్ని వాడటం నేర్పేదాన్ని. ఎక్కడికెళ్ళినా ఒకే మాటతో మొదలుపెట్టేదాన్ని: "సర్, ఇది తీర్పు చెప్పదు. మీరు మరిచిపోయే అవకాశం ఉన్నదాన్ని గుర్తుచేస్తుంది, అంతే."

మాకొక చిక్కుండేది. మొదట్లో సంపాదించిన ఫొటోలన్నీ దాదాపు తెల్లవాళ్ళవి. అదే జబ్బు చామనఛాయ చర్మం మీద వేరేలా కనపడుతుంది. అందుకని మా కంపెనీలో ఫొటోలన్నీ పరిశీలించే చర్మవైద్యురాలు డాక్టర్ ఇంద్రాణి మనవాళ్ళ ఫొటోలు పోగుచేయించేవారు. డిసెంబరులో ఒకరోజు మీటింగులో, అరచేతులూ అరికాళ్ళూ మరీ తక్కువున్నాయన్నారు. జబ్బు ఉన్నవే కాదు, లేనివి కూడా కావాలి. మామూలు పుట్టుమచ్చ ఎలా ఉంటుందో చూడకుండా మామూలు కానిదాన్ని ఎలా పట్టుకుంటాం, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే తీసి పంపండి అన్నారు. ఆ వారమంతా ఆఫీసులో పాదాల మీద జోకులే.

నాకు మాత్రం వెంటనే సుధీంద్ర ఎడమ అరికాలు గుర్తొచ్చింది.

ఆ మచ్చ బయటపడింది మా పెళ్ళిలోనే. శ్రావణమాసం, తణుకులో కల్యాణమండపం. కన్యాదానానికి ముందు మా నాన్న ఇత్తడి పళ్ళెంలో అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు. అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. నాన్న ఎడమ పాదాన్ని కాస్త పైకెత్తి, మడమ దగ్గర నల్లటి చుక్క చూసి ఆగిపోయాడు. నాన్న పేరు నాగభూషణం. ఆర్టీసీ బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో కేకవేసి చెప్పిన గొంతు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ గొంతుతో, "ఒరే, ఇటు చూడండ్రా! అల్లుడుగారికి అరికాల్లో పుట్టుమచ్చ! దేశాలు తిరిగే జాతకం!" అన్నాడు. పంతులుగారు మంత్రం ఆపి తొంగిచూశారు. అటువైపు నుంచి ఎవరో, "అయితే బావగారూ, సారెలో పెద్ద సూట్‌కేసు పెట్టాల్సిందే" అన్నారు. మండపమంతా నవ్వు. సుధీంద్ర సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోయాడు. నాన్న వదల్లేదు.

అప్పట్నుంచీ నాన్న ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే. "అల్లుడుగారూ, పాస్‌పోర్టు తీసుకున్నారా లేదా?"

"తీసుకుంటా మామయ్యగారూ. ముందు మీ అమ్మాయి నాకు హౌజ్ ఖాస్‌లో మెట్రో మారడం నేర్పుతోంది."

ఒకసారి నేనడిగాను, చిన్నప్పటినుంచీ ఉందా అని. "ఏమో, మామయ్యగారు చెప్పేదాకా నాకే తెలీదు. అరికాలు ఎవరు చూసుకుంటారు?" అన్నాడు.

ఆ ఆదివారం బాల్కనీలో మంచి ఎండ. ఢిల్లీ చలికాలంలో ఎండ అంటే పండగే. ఎదురు బాల్కనీల్లో అందరూ రజాయిలు ఆరేశారు. సుధీంద్రని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నా ఒళ్ళో పెట్టుకుని, మచ్చ పక్కన చిన్న స్కేలు పెట్టాను.

"కదలకు."

"చక్కిలిగిలి పెడుతూ కదలకంటే ఎలా?"

"స్కేలు పెట్టాలి. రూలు."

"నా కాలికి కూడా రూల్సా? పెళ్ళిచూపుల్లో మీవాళ్ళు చెప్పలేదే!"

"మీవాళ్ళు మాత్రం మడమలింత మురికిగా ఉంటాయని చెప్పారా?"

"మురికి కాదమ్మా, రాజయోగం. కావాలంటే మీ నాన్ననడుగు."

కెమెరాలో చూస్తే, చెమ్మగా ఉన్న కాగితం మీద ఇంకు చుక్క పడి పాకినట్టుంది. ఒక పక్క నలుపు, ఇంకో పక్క గోధుమరంగు. ముద్దొచ్చింది. నిజంగానే ముద్దు పెట్టుకున్నాను, తను కుర్చీ తలకిందులయ్యేంత గింజుకున్నాడు. ఫొటో పంపుతూ వివరాల దగ్గర, మామూలు పుట్టుమచ్చ, మడమ, పుట్టుకతో వచ్చింది అని రాశాను.

సోమవారం మధ్యాహ్నం డాక్టర్ ఇంద్రాణి నన్ను తన గదిలోకి పిలిచారు. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే, ఆర్కే పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో. వాళ్ళ నాన్న కేంద్రప్రభుత్వంలో ఆఫీసరు. మనం తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి. జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది.

"వాసవీ, యే కిస్‌కా ఫుట్ హై?"

మాకు వచ్చే ఫొటోలకి పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. అందుకే అడుగుతున్నారనుకున్నాను. "మా ఆయనదే మేడమ్! లక్కీ ఫుట్ అది!" అని పెళ్ళి కథంతా చెప్పడం మొదలుపెట్టాను. ఇత్తడి పళ్ళెం, మా నాన్న కేక, సూట్‌కేసు. నవ్వుతూ నవ్వుతూ చెప్పాను. ఎప్పుడూ గలగలా నవ్వే మనిషి నవ్వలేదు. నా మాట అయిపోయేదాకా ఆగి, కంప్యూటర్ తెర నావైపు తిప్పారు.

నేను రాసిన వివరాలు తీసేసి, ఫొటోని మాత్రమే మా సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినట్టున్నారు. ఆ తెర నాకు కొట్టినపిండి. ఎందరో డాక్టర్ల భుజాల వెనక నిలబడి, ఇక్కడ నొక్కండి సర్, ఇక్కడ చూడండి సర్ అని చూపించాను. కానీ ఈసారి పై వరసలో ఉన్నది చదవడానికి నాకు కళ్ళు ఆనలేదు. మెలనోమా. ఒంటికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. దాని పక్కన ఎవరెవరివో అరికాళ్ళు. అన్నింటి మీదా ఇంకు చుక్కలు పాకి ఉన్నాయి.

"తెల్లవాళ్ళకి ఎండ తగిలేచోట వస్తుంది," అన్నారు ఆవిడ ఇంగ్లీషులో, మెల్లగా. "మనవాళ్ళకి ఎక్కువగా ఎవరూ చూడనిచోట. అరికాలు, గోటి అడుగు."

"మేడమ్, ఇది తీర్పు కాదు కదా," అన్నాను. నా నోటికి అలవాటైన మాట అదొక్కటే.

"నో. జస్ట్ ఎ లిస్ట్." ఆవిడ కళ్ళద్దాలు తీశారు. "బట్ ఐ హావ్ ఆల్సో లుక్‌డ్, వాసవీ." తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అన్నారు: "నువ్వు వెళ్ళు. అతన్ని తీసుకుని రా. రేపు కాదు. ఇవాళ."

ఆవిడ నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి.

సుధీంద్ర ఆఫీసు నుంచి నేరుగా, ఆవిడ సాయంత్రాలు రోగుల్ని చూసే క్లినిక్‌కి వచ్చాడు. షూ విప్పుతూ, "సాక్సు వాసనకి మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా ఉందా మేడమ్?" అన్నాడు. ఆవిడ లైటున్న భూతద్దం లాంటి పరికరంతో చాలాసేపు చూశారు.

"ఎప్పటినుంచి ఉంది?"

"పుట్టినప్పటినుంచీ," అని నావైపు చూశాడు. "అంతే కదా?"

"మీ అమ్మగారిని అడగగలరా?"

అత్తయ్యగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. ఆవిడ వంటింట్లో ఉన్నట్టున్నారు, కుక్కర్ కూత వినపడుతోంది. ఏదో ఆఫీసు పనికని చెప్పి అడిగాడు.

"మచ్చా? నీకా? అరికాల్లో నీకు ఏ మచ్చా లేదు నాన్నా."

"ఉందమ్మా. ఎడమ మడమ దగ్గర."

"నాకు చెప్పకు. కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని నీకు నలుగు పెట్టింది నేను. ఎనిమిదో క్లాసులో ఆ మడమలోనే మేకు దిగితే, అది మానేదాకా పొద్దునా సాయంత్రం కట్టు మార్చింది నేను. నీ కాళ్ళు నాకు తెలీకపోవడమేమిటి?"

"మరి పెళ్ళిలో మామయ్యగారు అన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా?"

అటువైపు స్టవ్ కట్టేసిన చప్పుడు. "ఉన్నాను. నాకు తెలీని మచ్చేమిటా అని అనుకున్నాను కూడా. కానీ పదిమందిలో ఆయనంత సంబరంగా, మా అల్లుడు దేశాలు తిరుగుతాడు అంటుంటే, కాదండీ మావాడికి ఏ మచ్చా లేదు అని నేనెలా అంటాను సుధీ? పీటల మీద వియ్యంకుణ్ణి చిన్నబుచ్చడం కాదూ? పారాణి మరకై ఉంటుంది, మంచిమాటేగా అన్నారు అని ఊరుకున్నాను." తర్వాత గొంతు మారింది. "ఏం, ఎందుకు? ఎందుకడుగుతున్నావు? వాసవి ఏది?"

సుధీంద్ర నాకు ఫోన్ ఇవ్వలేదు.

కొత్తగా వచ్చిన మచ్చ అయితే, ఎంత వేగంగా పెరిగిందో తెలియాలన్నారు డాక్టర్. పాత ఫొటో ఏదైనా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అరికాలి పాత ఫొటో ఎవరి దగ్గరుంటుంది? మా దగ్గరుంది. పెళ్ళి ఆల్బమ్ కాపీ నా ఫోన్‌లోనే ఉంది. కాళ్ళు కడిగే ఫొటో రెండు పేజీలు నిండేంత పెద్దది. తీసి చూస్తే మడమ నున్నగా, పసుపూ పారాణితో మెరిసిపోతోంది. మచ్చ లేదు.

తణుకు ఫొటో స్టూడియో చిట్టిబాబుకి ఫోన్ చేశాను.

"మచ్చా అమ్మా? అదా! పారాణి చెదిరి నల్లగా అంటుకుందేమో అనుకుని కంప్యూటర్లో తుడిపించేశానండీ. పెళ్ళికొడుకు కాలు కదా, శుభ్రంగా ఉండాలని. మీవాళ్ళు ఏమైనా అన్నారా ఏంటి?"

"లేదు చిట్టిబాబుగారూ. తుడవకముందు ఫొటో ఉందా?"

"లేకేం! ఇప్పుడే పంపుతా. అల్లుడుగారు కులాసానా? పాస్‌పోర్టు వచ్చిందా?" ఊరంతా తెలుసు ఆ మాట.

ఫొటో వచ్చింది. అమ్మ చేతిలోంచి పడుతున్న నీటిధార, నాన్న అరచేతిలో సుధీంద్ర మడమ, దానిమీద ఆవగింజకన్నా కొంచెం పెద్ద నల్లచుక్క. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఆ రోజు ఫొటో, నేను బాల్కనీలో తీసిన ఫొటో తెరమీద పక్కపక్కన కూర్చున్నాయి. రెండో దాంట్లో మచ్చ కందిబద్దని దాటిపోయింది. నేను డాక్టర్ ఇంద్రాణి మొహం చూడకుండా, ఫొటోలో నాన్న మొహం చూశాను. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమాయే. లోతుగా దిగిందన్నారు. ఢిల్లీలో పెద్దాసుపత్రిలో మడమ దగ్గర చుట్టూ కండతో సహా కోసి తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు. అదే ఆపరేషన్‌లో గజ్జల్లోంచి ఒక గ్రంథి తీసి దాన్నీ పరీక్షకి పంపారు. మత్తు వదిలాక సుధీంద్ర మొదట అన్నమాట, "తొడని తీసుకెళ్ళి మడమకి పెట్టారట. ఇంక నడిస్తే తొడ కొట్టినట్టే." నర్సు మలయాళీ అమ్మాయి. మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో ఆమెకి అర్థం కాలేదు. నేను నవ్వుతూ నవ్వుతూ బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్యగారికి నిజం చెప్పాం. చెప్పక తప్పలేదు. మామగారికి గుండె ఆపరేషనై ఎక్కువ రోజులు కాలేదు, ఆయన్ని వదిలి ఆవిడ రాలేని పరిస్థితి. రోజూ ఫోన్ చేసి ఒకటే అనేవారు: "నేను నోరు తెరిచి అడగాల్సింది వాసవీ. ఆ రోజే అడగాల్సింది." నేను వద్దత్తయ్యా, వద్దత్తయ్యా అనేదాన్ని.

నాన్నకి మాత్రం చెప్పొద్దన్నాడు సుధీంద్ర. పెళ్ళయ్యాక మేం నిజంగా పోట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

"కాల్లో గాజుపెంకు దిగి చీము పట్టిందని చెప్పు చాలు," అన్నాడు.

"నాకు అబద్ధం చెప్పడం రాదు. అందులో నాన్నకి."

"నేర్చుకో. అందరిముందూ నా కాలు పట్టుకుని అన్న మాట అది. అదే ఇదని తెలిస్తే ఆయన జన్మంతా ఆ మాట నమిలి మింగుతూ కూర్చుంటాడు. నీకది కావాలా?"

"నాకు మా నాన్న కావాలి. నాకు ఎవరితోనైనా చెప్పుకుని ఏడవాలని ఉంది."

"నాతో చెప్పుకుని ఏడు."

"నీ గురించి నీతో ఎలా ఏడవను?"

తను మంచం మీద కాస్త పక్కకి జరిగాడు. వెళ్ళి పక్కన పడుకున్నాను. గాజుపెంకు అని నాన్నకి తనే ఫోన్‌లో చెప్పాడు.

గాజుపెంకుకి కూడా నాన్న ఆగలేదు. జనవరిలో, పొగమంచుకి రైలు బాగా లేటై, కోటు మీద కోటు వేసుకుని, సంచీ నిండా తేగలతో దిగాడు. తణుకులో ఆ రోజుల్లో తేగలు తవ్వుతారు. కుక్కర్లో ఉడకబెట్టి, పైపొర ఒలిచి, నార తీసి ముక్కలు సుధీంద్ర చేతికి అందిస్తూ కూర్చున్నాడు. సుధీంద్ర ఎన్ని తిన్నాడో! ఆపరేషనయ్యాక తను అంత ఇష్టంగా తినడం అదే. ఇంటినిండా తేగల వాసన. నాకు పిచ్చి సంతోషమేసింది. జబ్బూ లేదు, ఏమీ లేదు, నాన్న వచ్చాడు, మా ఆయన తేగలు తింటున్నాడు అనిపించింది.

నాన్న ఆ పెద్ద కట్టువైపు చూసి, "గాజుపెంకుకి ఇంత కోశారా?" అన్నాడు.

"ఢిల్లీ డాక్టర్లు కదండీ. చేతికి కత్తి దొరికితే ఆగరు."

"మచ్చ ఉందా, దాన్నీ కోసేశారా?"

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. సుధీంద్ర తేగ నములుతూనే, "అది భద్రంగా ఉంది మామయ్యగారూ," అన్నాడు. నాన్న తలాడించి, ఇంకో తేగ ఒలవడంలో పడ్డాడు.

గ్రంథిలో జబ్బు ఉందని తేలింది. ఇంకెక్కడైనా ఉందేమో చూడటానికి ఒళ్ళంతా స్కాన్ తీశారు. ఆ రిపోర్టు మీదే అంతా ఉంది. గజ్జల్లోనే ఆగిపోతే ఒక దారి, దాటితే ఇంకో దారి అని డాక్టర్ ఇంద్రాణి ముందే చెప్పారు. రిపోర్టు ఇచ్చే రోజు ఆసుపత్రికి తానూ వస్తానని నాన్న పట్టుబట్టాడు. కట్టు మార్పించుకోవడానికే కదా, మీరెందుకండీ చలిలో అని సుధీంద్ర అంటే, "ఇంట్లో కూర్చుని టీవీలో హిందీ వార్తలు చూడమంటారా?" అన్నాడు. క్యాబ్‌లో ముందు సీట్లో కూర్చుని, డ్రైవరుతో తెలుగులోనే మాట్లాడుతూ వచ్చాడు. అతను "హాఁ అంకుల్‌జీ, ఠీక్ హై అంకుల్‌జీ" అంటూ వచ్చాడు.

నాన్నని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్ళాం. క్యాన్సర్ డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. తెరమీద స్కాన్ చూపించాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న చుక్కలు మిణుకుమంటున్నాయి. బొమ్మలు చూసి జబ్బు గుర్తుపట్టడం ఇతరులకి నేర్పే మనిషిని నేను. ఆయన నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది.

ఇంజెక్షన్లున్నాయి, కొంతమందికి బాగా పనిచేస్తాయి, ఈ రకానికి కొంచెం తక్కువ, అయినా మొదలుపెడదాం అన్నాడాయన. పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు.

"పెళ్ళప్పుడు, ఆగస్టులోనే చూపించి ఉంటే?" అనడిగాను.

"బేటా, అలా లెక్కకట్టి ఎవరూ చెప్పలేరు," అన్నాడు. చెప్పగలిగీ చెప్పడంలేదని ఆయన గొంతులోనే తెలిసింది. సుధీంద్ర నా చెయ్యి పట్టుకుని, "వచ్చే సోమవారం మొదలుపెడదాం సర్," అన్నాడు, ఏదో ఆఫీసు పని ఒప్పుకున్నట్టు.

బయటికొచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారు?"

"కట్టు బాగుందన్నారు మామయ్యగారూ. మానిపోతోందట."

నాన్న నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరువైపు చూశాను.

"అమ్మాయ్, ఉద్యోగమంతా బోర్డులు చదివి కేకలేసినవాణ్ణి నేను. ఆ తలుపు మీద ఇంగ్లీషులో ఏం రాసుందో చదవలేననుకున్నారా?" కేకలాంటి ఆ గొంతు ఎక్కడికి పోయిందో. నాకే సరిగా వినపడటంలేదు. "ఇది గాజుపెంకులు తీసే డాక్టరు గది కాదు."

నాన్న చూపు సుధీంద్ర కట్టు మీదికి దిగింది.

"అదేనా? ఆ మచ్చేనా?"

సుధీంద్ర చంకకర్రలు గోడకి ఆనించి, బెంచీ మీద కూర్చుని, నాన్నని చెయ్యిపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మామయ్యగారూ, మీరు చూడబట్టే నాకొక మచ్చ ఉందని తెలిసింది. మీరు అనకపోతే వాసవి ఆ ఫొటో తీసేది కాదు. ఈ మాత్రం కూడా తెలిసేది కాదు. నిజంగా చెప్తున్నాను. నన్ను చూసుకున్నది మీరే."

అది నిజమే. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. నాన్న దాన్నంతా విన్నాడు.

"చూశాను బాబూ," అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ అల్లుడుగారూ అనే మనిషి, బాబూ అన్నాడు. "చూసి నవ్వాను. అందర్నీ పిలిచి నవ్వించాను."

నాన్న ఏడవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. మా ముందునుంచి స్ట్రెచర్లు వెళ్తున్నాయి, ఎవరి పేర్లో మైకులో పిలుస్తున్నారు. నేను వాళ్ళిద్దరి ఎదురుగా ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియలేదు.

చివరికి సుధీంద్రే, "మామయ్యగారూ, నాకు ఆకలేస్తోంది," అన్నాడు.

నాన్న గబుక్కున లేచాడు. చెయ్యగలిగిన పని ఒకటి దొరికినట్టయింది. "ఏం తింటారు? ఏం తింటారు చెప్పండి."

"గేటు దగ్గర శకర్‌కందీ అమ్ముతున్నాడు. వచ్చేటప్పుడు చూశాను."

"అంటే?"

"చిలగడదుంప. బొగ్గుల మీద కాల్చి, నిమ్మకాయ పిండి, మసాలా చల్లి ఇస్తారు."

"చిలగడదుంపకి మసాలా ఏమిటి, ఖర్మ," అంటూనే నాన్న తన భుజం అందించాడు. "కర్రలొద్దు. నామీద బరువెయ్యండి."

"నేను బరువు మామయ్యగారూ."

"వెయ్యండి."

ఇద్దరూ ర్యాంప్ మీదుగా మెల్లగా దిగుతున్నారు. నాన్న చెయ్యి తన నడుం చుట్టూ ఉంది, కళ్ళు ఆ కట్టు మీదే ఉన్నాయి. ఇక్కడ ఎత్తుంది, ఇక్కడ తడిగా ఉంది అని చెప్తూ నడిపిస్తున్నాడు. నేను చంకకర్రలూ ఫైలూ పట్టుకుని వెనక దిగబోయి, దిగలేక కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. పొగమంచు విడిపోయి కొంచెం ఎండ వచ్చింది. ఆ ఎండలో వాళ్ళిద్దరూ గేటుదాకా వెళ్ళారు. సుధీంద్రని అక్కడున్న సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి, నాన్న బండి దగ్గరికి వెళ్ళాడు. బండివాడు ఏదో అడిగాడు. నాన్నకి అర్థం కాలేదు. రెండోసారి వేళ్ళు చూపిస్తూ అడిగాడు.

నాన్న వెనక్కి తిరిగి, అంతదూరం నుంచీ నన్ను వెతికి, బస్టాండంతా వినపడే ఆ పాత గొంతుతో కేకేశాడు.

"అమ్మాయ్! ఎన్ని కావాలంటున్నాడు కాబోలు! ఎన్ని చెప్పను?"

"మూడు!" అని అరిచాను. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. "మూడు నాన్నా! మూడు చెప్పు!"